ఆటల కంప్యూటరు – కూర్పులో ఔచిత్యం

ఉద్దేశం

ఆన్‌లైన్ పాత్రపోషణ క్రీడల కోసం తొలిసారిగా కంప్యూటరును కూర్చుకోదలచిన విద్యార్థి విడిభాగాలను ఏ దృష్టితో ఎంచుకోవాలో తెలియజేయడం, పరిమితమైన ధనాన్ని యుక్తంగా వినియోగించే వివేకాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఏ వస్తువును కొనబోయినా 'ఇది ఎంత గొప్పది?' అని కాక, 'ఇది నా పనికి ఎంత తగినది?' అని ప్రశ్నించుకోవడం వివేకి లక్షణం. పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు తన 'ఔచిత్య విచారచర్చ'లో కావ్యానికి ప్రాణం ఔచిత్యమేనని ప్రతిపాదించాడు. ఎంతటి అలంకారమైనా తగిన చోట అమరినప్పుడే శోభిస్తుందని ఆయన ఆశయం. కావ్యానికి చెప్పిన ఈ మాట కంప్యూటరు కూర్పుకూ వర్తిస్తుంది. విడిగా చూస్తే శ్రేష్ఠమైన భాగాలు ఒకదానికొకటి పొసగకపోతే యంత్రం మందకొడిగానే నడుస్తుంది. మధ్యతరగతి గృహాలలో ఈ కొనుగోలు నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో జరిగేది. విద్యార్థి చదువుకూ ఆ యంత్రమే ఆధారం. కనుక ఎంపికలో పొరపాటు జరిగితే నష్టపోయేది ఆట ఒక్కటే కాదు.

ముందుగా ఆట స్వభావాన్ని గ్రహించాలి. కల్పిత లోకంలో యోధుడుగానో, వైద్యుడుగానో, మాంత్రికుడుగానో ఒక పాత్రను ధరించి, ఇతరులతో కలిసి సాహసాలు సాగించడమే పాత్రపోషణ క్రీడ. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా ప్రారంభించగా రిచర్డ్ బార్టిల్ విస్తరించిన 'మడ్' ఈ క్రీడల పూర్వరూపాలలో ప్రసిద్ధమైనది. అందులో చిత్రాలు లేవు. అంతా అక్షరాల లోకమే. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 2004లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వెలువడడంతో అలాంటి లోకాలు చిత్రమయాలై, అసంఖ్యాక క్రీడాకారులు సంచరించే సీమలుగా విస్తరించాయి.

ఈ జనసమ్మర్దమే యంత్రానికి అసలు పరీక్ష. నిర్జనమైన అడవిలో పాత్ర ఒంటరిగా నడిచేటప్పుడు యంత్రానికి పెద్ద శ్రమ లేదు. నలభై మంది ఒక్కుమ్మడిగా ఒక రాక్షసునిపై దండెత్తినప్పుడు మాత్రం ప్రతి పాత్ర ఎక్కడ నిలిచింది, ఏమి ధరించింది, ఏ అస్త్రం ప్రయోగించింది అనే లెక్క క్షణక్షణం సాగాలి. ఈ గణన ప్రాసెసరు బాధ్యత. ఇటువంటి ఆటలలో పనిభారం ఎక్కువగా కొద్ది కోర్‌ల మీదనే పడుతుంది. అందువల్ల కోర్‌ల సంఖ్య కన్నా ఒక్కొక్క కోర్ సామర్థ్యం ముఖ్యం. ప్రాసెసరులోనే ఉండే సత్వర జ్ఞాపకం, అనగా క్యాష్, ఎంత విశాలమైతే అంత మేలు. 2022లో ఏఎమ్‌డి సంస్థ విడుదల చేసిన 'రైజెన్ 7 5800ఎక్స్3డి' దీనికి నిదర్శనం. అదే తరానికి చెందిన 5800ఎక్స్ కంటే దాని గడియార వేగం కొంత తక్కువ. అయినా మూడవ అంచె క్యాష్ 32 ఎంబీ నుండి 96 ఎంబీకి పెరగడం వల్ల ఇటువంటి ఆటలలో అది ముందంజ వేసింది. తొలి కంప్యూటరుకు అంతటి ప్రాసెసరు అవసరం లేదు. ఇటీవలి తరానికి చెందిన ఆరు కోర్‌ల ప్రాసెసరు చాలు.

గ్రాఫిక్స్ కార్డును నిర్ణయించవలసినది మానిటరు. 1920×1080 ప్రమాణం గల తెరపై ఒక్కొక్క చిత్రంలో 20,73,600 బిందువులు ఉంటాయి. సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఒక్కొక్క చిత్రాన్ని దాదాపు 16.7 మిల్లీసెకన్లలో గీయాలి. 2560×1440 తెరపై బిందువులు 36,86,400కు, 3840×2160 తెరపై 82,94,400కు పెరుగుతాయి. అంటే చివరి తెర మొదటిదానికి నాలుగింతల పని చెబుతుంది. 60 హెర్ట్జ్ మానిటరు ముందు సెకనుకు 150 చిత్రాలు గీయగల కార్డును ఉంచితే అధికభాగం తెరపైకి రానేరాదు. కొన్న శక్తి కంటికి కనిపించదు. కనుక తెరను నిశ్చయించుకొన్న తరువాతనే కార్డును వెదకాలి. మానిటరు కేబులును మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. లేకపోతే ఎంత ధర పెట్టి కొన్న కార్డైనా ఊరక కూర్చుంటుంది.

ర్యామ్ విషయంలో ఆట నిర్మాతలు ప్రకటించే అవసరాల పట్టికే ప్రమాణం. 2024లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 14: డాన్‌ట్రెయిల్'కు కనీసం 8 జీబీ ర్యామ్ కావాలనీ, 16 జీబీ ఉంటే మంచిదనీ నిర్మాతలు సూచించారు. 16 జీబీని ఒకే పలకగా కాక 8 జీబీ పలకలు రెండింటిని జంటగా అమర్చితే ప్రాసెసరుకు సమాచారం రెండు మార్గాల గుండా అందుతుంది. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కాబట్టి కొనే నాటి ధరను విచారించుకోవాలి. డీడీఆర్4 పలక డీడీఆర్5 గూటిలో అమరదు. ఏఎమ్‌డి వారి ఏఎమ్4 మదర్‌బోర్డులు మొదటిదానినీ, ఏఎమ్5 మదర్‌బోర్డులు రెండవదానినీ మాత్రమే స్వీకరిస్తాయి. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్ అనే మూడింటి పొత్తు కుదిరిన తరువాతనే డబ్బు చెల్లించాలి.

ఆట విశాలలోకంలో ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి సాగిపోయే ప్రతిసారీ కొత్త దృశ్యాలు నిల్వ నుండి రావాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కులో కోరిన సమాచారం తలసూది కిందికి రావడానికే సగటున నాలుగు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి ఈ నిరీక్షణ లేదు. ఆటను ఎస్‌ఎస్‌డీలో ఉంచడం ఉత్తమం.

అందరూ ఉపేక్షించేది ఎస్‌ఎమ్‌పీఎస్. ఇది క్యాబినెట్‌లో కంటికి ఆనకుండా ఉంటుంది. దాని గొప్పను ఎవరూ చెప్పుకోరు. కాని అన్ని భాగాలకు విద్యుత్తును పంచేది అదే. విడిభాగాలు 300 వాట్లు వాడుకొంటున్నప్పుడు ఎస్‌ఎమ్‌పీఎస్ సామర్థ్యం 80 శాతమైతే గోడ నుండి 375 వాట్లు గ్రహిస్తుంది. మిగిలిన 75 వాట్లు వేడిగా మారుతాయి. '80 ప్లస్' ముద్ర ఈ సామర్థ్యానికే గుర్తు. రక్షణ వ్యవస్థలు ఉన్నాయో లేవో విడిగా విచారించాలి. నాసిరకం ఎస్‌ఎమ్‌పీఎస్ చెడిపోతే తనతోపాటు ఇతర భాగాలనూ బలిగొనవచ్చు. సాధారణమైన 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లను మాత్రమే మోయగలదు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన ప్రాంతాలలో గాలి చక్కగా ఆడే క్యాబినెట్, సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

ఏ విడిభాగమూ జయించలేనిది దూరం. ఆప్టికల్ ఫైబరులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. సర్వరు ఏడు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే సందేశం వెళ్లి రావడానికి కనీసం 70 మిల్లీసెకన్లు పడుతుంది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఈ జాప్యాన్ని తగ్గించజాలదు. దగ్గరి సర్వరును ఎంచుకోవడం, వైఫైకి బదులు ల్యాన్ కేబులు వాడడం మేలు. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు స్వల్పం.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి విపణిలో అడుగుపెట్టే ముందే ఒక కాగితంపై ఈ క్రమాన్ని రాసుకోవాలి: మొదట ఆట, పిదప తెర, ఆపైన గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు, వాటికి పొసగే మదర్‌బోర్డు, ర్యామ్, చివరగా వీటన్నింటినీ మోయగల ఎస్‌ఎమ్‌పీఎస్. సొమ్ము చాలకపోతే గ్రాఫిక్స్ తనలోనే కలిగిన ప్రాసెసరుతో ప్రారంభించి, కార్డును ఏడాది తరువాత చేర్చుకోవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర 'ఎఫ్' ఉన్నవాటికి ఆ సదుపాయం లేదు. ఎస్‌ఎమ్‌పీఎస్‌ను మాత్రం రేపటి కార్డును కూడా దృష్టిలో ఉంచుకొని ఈనాడే మంచిది కొనాలి. ప్రతి భాగానికీ బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోవాలి.

విక్రేత ఖరీదైన భాగాన్ని చూపినప్పుడు 'ఇది లేకపోతే నా ఆటలో ఏది ఆగిపోతుంది?' అని అడగగలిగిన విద్యార్థి మోసపోడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకని భాగం ఎంత మెరిసినా, అతని యంత్రానికి అది అనుచితమైన అలంకారమే.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు పదిహేను పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కంప్యూటరు కూర్పుకు ఔచిత్య సిద్ధాంతం ఎలా వర్తిస్తుందో వివరించండి.
2. జనసమ్మర్దం గల సన్నివేశాలలో ప్రాసెసరు పాత్రను సోదాహరణంగా తెలపండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గ్రాఫిక్స్ కార్డు ఎంపికకు మానిటరు ఎందుకు ఆధారం?
2. ఎస్‌ఎమ్‌పీఎస్‌ను ఉపేక్షించరాదనడానికి కారణాలేవి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'మడ్' ఏ సంవత్సరంలో, ఏ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైంది?
2. ఏఎమ్5 మదర్‌బోర్డు ఏ రకపు ర్యామ్‌ను స్వీకరిస్తుంది?