గట్టు రోడ్డు మీద ఒంటి లైటు

ప్రశ్న: మాది మార్టేరు దగ్గర పల్లెటూరండి. మొన్న రాత్రి తొమ్మిది దాటాక పాలకొల్లు నుంచి కాలువ గట్టు రోడ్డు మీద ఇంటికొస్తుంటే కారు హెడ్‌లైటు ఒకటి ఆరిపోయింది. మెకానిక్ బల్బు మార్చాడు. ఎలాగూ పాత కారే కదా, రెండు వైపులా ఎల్‌ఈడీలు వేయించేసుకోండి, పట్టపగల్లా ఉంటుంది అంటున్నాడు. ఇంట్లోవాళ్లేమో అసలు రాత్రిళ్లు కారు తీయొద్దంటున్నారు. రోజూ తిరిగే దారి, ప్రతి మలుపూ నాకు తెలుసు. ఒక్క బల్బు పోయినందుకు ఇంత ఆలోచించాలంటారా?
- ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఆలోచించాలండి, ముఖ్యంగా ఇంకా వెలుగుతున్న రెండో బల్బు గురించి. రెండూ ఒకేసారి బిగించినవైతే రెండింటి ఆయుష్షూ ఇంచుమించు ఒకటే, అందుకే జతగా మార్చమంటారు. అయితే బల్బు మారిస్తే వెలుగంతా తిరిగి వస్తుందని నమ్మకండి. ఏళ్ల తరబడి ఎండ తగిలి ముందున్న ప్లాస్టిక్ అద్దం పచ్చబడుతుంది. లోపలి రిఫ్లెక్టర్ మెరుపు తగ్గుతుంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గరపడేకొద్దీ ఉప్పు కూడా. కనెక్టర్లు చిలుము పడతాయి, ఎర్త్ వైరు బిగించిన చోటు తుప్పు పడుతుంది, బల్బు దాకా చేరే వోల్టేజీ పడిపోతుంది. ఆ వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. ఇదంతా ఒక్క రాత్రిలో జరగదు కాబట్టి కన్ను అలవాటు పడిపోతుంది, డ్రైవరుకి తేడా తెలియదు. ఆరిపోయిన లైటు మిమ్మల్ని మెకానిక్ దగ్గరికి పంపింది. మసకబారిన లైటు అలా పంపదు, దానితోనే అదే వేగంతో ఏళ్ల తరబడి నడిపేస్తాం. నా దృష్టిలో ఎక్కువ ప్రమాదం అదే.

వేగం సంగతి లెక్క వేసి చూడండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 16 మీటర్లకు పైగా పోతుంది. అడ్డం ఏదో ఉందని గుర్తుపట్టి కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర పడుతుందనుకుంటే అప్పటికే 25 మీటర్లు దాటిపోతాం. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి మరో 20 మీటర్లు, మొత్తం 45. వేగం 80కి పెంచితే అదే 70 మీటర్ల దాకా వెళుతుంది. డిమ్ లైటులో, అదీ లైటు మంచి స్థితిలో ఉన్నప్పుడు, ముదురు రంగు బట్టలు కట్టుకున్న మనిషి 50 మీటర్ల నుంచి కనిపిస్తే గొప్పే. అంటే డిమ్ మీద 60 దాటితే, కనిపించాక ఆగడానికి చోటు చాలదు. లైటు మసకబారితే ఆ 60 కూడా ఎక్కువే. పైగా ఈ లెక్క తిన్నని రోడ్డుది. మన గట్లు కాలువ వంపుతో పాటు వంగుతాయి, లైటు మాత్రం తిన్నగానే పోతుంది. మలుపులో రోడ్డు ఒక వైపు తిరుగుతుంటే మీ వెలుగు కాలువ నీళ్ల మీదో అవతలి కొబ్బరితోట మీదో పడుతుంది. ఎడమ వైపు నడిపే దేశం కాబట్టి మన డిమ్ లైటు ఎడమ అంచున ఎక్కువ దూరం, కుడి పక్కన తక్కువ దూరం పడేలా తయారవుతుంది. కుడికి తిరిగే మలుపులో కనిపించేది ఇంకా తగ్గుతుంది.

దారి తెలుసు కదా అన్నారు. మలుపులు తెలుసు, నిజమే. ఆ రాత్రి ఆ దారిలో ఏముందో తెలియదు. సార్వా కోతలప్పుడు ఒకసారి, దాళ్వా కోతలప్పుడు మరోసారి ధాన్యం తారురోడ్డెక్కుతుంది. ఎవరూ తొక్కకుండా రాశి చుట్టూ రాళ్లు పేరుస్తారు, పైన నల్ల టార్పాలిన్ కప్పుతారు. రైతుకి కళ్లం లేక చేసే పని, ఆయన్ని తిట్టి లాభం లేదు, కానీ చీకట్లో అది తారులో కలిసిపోతుంది. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు మీది ధాన్యం రాశిని తప్పించబోయి కారు బోల్తా పడిందని, అందులోనే రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి తీవ్రంగా గాయపడ్డారని అప్పటి వార్తలు. మర్నాడు ఆమె చనిపోయారు. ఆమెకీ అది సొంత ఊరి దారే. వెనక లైటు లేని గడ్డి ట్రాక్టరు, ఆగిపోయిన చేపల లారీ, గట్టెక్కిన గేదె, ఏదీ నిన్నటి చోట ఉండదు. ఇక అంచు సంగతి. 2015 జూన్‌లో తిరుపతి నుంచి తిరిగి వెళుతున్న విశాఖ జిల్లా యాత్రికుల వాహనం రాత్రివేళ ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి పడి 22 మంది చనిపోయారు. దానికి లైట్లే కారణమని అనడం లేదు. పొలాల్లోకి దిగిపోయిన కారుకి దొరికే అవకాశం, మన నీటి అంచుల్లో జారిన కారుకి దొరకదని చెప్పడానికే గుర్తుచేశాను.

మరి ఎల్‌ఈడీ వేయిస్తే ఈ బాధంతా తీరదా అంటే, మీ కారుకి తీరదు. హాలోజన్ రిఫ్లెక్టరు ఒక సన్నని ఫిలమెంటు ఫలానా చోట వెలుగుతుందన్న లెక్కతో తయారైంది. అక్కడ వేరే ఆకారంలో ఉన్న ఎల్‌ఈడీ పెడితే వెలుగు పెరుగుతుంది గానీ పడాల్సిన చోట పడదు. చాలావరకు దగ్గర నేల మీదా, ఎదుటివాడి కళ్లలోనూ చిమ్ముతుంది. దగ్గర నేల తెల్లగా మెరిసేసరికి మన కంటిపాప కుంచించుకుని దూరం ఇంకా నల్లబడుతుంది, మనకేమో బాగా కనిపిస్తోందన్న ధీమా పెరుగుతుంది. ఎదుటివాడి మాట కూడా ఆలోచించండి. రెండు కార్లు ఒదిగి తప్పుకోవాల్సిన గట్టు మీద అతని కళ్లు బైర్లు కమ్మితే అతను వచ్చేది మీ మీదికే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది కూడా 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు రాకూడదనే చెబుతోంది. ఎల్‌ఈడీలకి పెట్టే డబ్బుతో అద్దం పాలిష్ చేయించండి, మరీ పచ్చబడితే కొత్త హెడ్‌లైటే వేయించండి. కనెక్టర్లు, ఎర్త్ పాయింటు శుభ్రం చేయించి, ఇంజన్ నడుస్తుండగా బల్బు దగ్గర వోల్టేజీ కొలిపించండి. చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో కారు ఆపి డిమ్ వేస్తే, వెలుగు పై గీత మీ లైటు ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కింద పడాలి. డిక్కీలో బియ్యం బస్తాలు వేస్తే కారు ముక్కు లేచి ఆ గీత కూడా లేస్తుంది. చాలా కార్లలో స్టీరింగు దగ్గర 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉండేది దాన్ని దించడానికే.

మళ్లీ దారిలో లైటు పోతే ఒంటి లైటుతో ఇంటికి చేరదామనుకోకండి. ఎదుటివాడికి మీరు మోటారు సైకిల్‌లా కనిపిస్తారు. పోయింది కుడి లైటయితే మరీ ప్రమాదం, ఎడమ అంచున బండి పోతోందనుకుని అతను సగం కారు ఉన్న చోటికి వచ్చేస్తాడు. హజార్డ్ లైట్లు వేసి, గట్టు వెడల్పుగా ఉన్న చోట, వీలైతే ఊరి వీధిదీపం కింద ఆపండి. రెండూ ఒక్కసారే ఆరితే బల్బుల మీద కంటే ఫ్యూజు, రిలే, స్విచ్చుల మీద అనుమానపడాలి. ఒక స్పేర్ బల్బు, నాలుగు ఫ్యూజులు కారులో ఉంచుకోండి. బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి తొందరగా పోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లండి. రామచంద్రపురం నుంచి కాకినాడ రాత్రిళ్లు కూడా తనే నడుపుతారు. కారు కొత్తదే, లైట్లు బాగానే ఉన్నాయి. ఎదుటి లైట్లు గుచ్చుతున్నాయంటారు, మానమంటే మాత్రం వినరు. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

జవాబు: పై జవాబులో లైటు గురించి చెప్పిందే కంటికీ వర్తిస్తుందమ్మా. 60 ఏళ్ల కంటి రెటీనాకి చేరే వెలుగు 20 ఏళ్ల కంటికి చేరేదానిలో సుమారు మూడో వంతే. ఇదీ మెల్లగా వచ్చేదే, అందుకే ఆయనకి తెలియదు. లైట్లు గుచ్చుతున్నాయన్న మాట మాత్రం తేలిగ్గా తీసుకోకండి, శుక్లాలు మొదలైనప్పుడు సాధారణంగా చెప్పే మాట అది. పగలు అక్షరాలు బాగా చదవగలిగినా రాత్రి కష్టపడొచ్చు, కాబట్టి కంటి డాక్టరుకి ఈ సంగతి విడిగా చెప్పండి. శుక్లమే అయితే ఆపరేషన్‌తో చాలామందికి ఈ బాధ తగ్గుతుంది. ఈలోపు విండ్‌షీల్డు లోపలి వైపు పేరుకున్న జిడ్డు పొర తుడిపించండి, అరిగిన వైపర్లు మార్పించండి, ఎదుటి లైట్లు అద్దమంతా అలుముకోవడానికి సగం కారణం అవే. మానమనడం ఆయనకి చిన్నతనంగా అనిపించొచ్చు. దేశంలో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు ఐదో వంతు సాయంత్రం 6 నుంచి 9 మధ్యే జరుగుతున్నాయని కేంద్ర రవాణా శాఖ ఏటా ఇచ్చే లెక్కలు చూపించి, కాకినాడ పనులు పొద్దుటి పూటకి మార్చుకుందామని అడిగి చూడండి. తప్పనిసరైన రాత్రి స్టీరింగు మీరు పట్టుకోండి, ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకోండి.