పనిగంటల పద్దు

కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట దివిసీమ ఉన్నది. అటువంటి డెల్టా ప్రాంతంలో కాలువ పూడిక తీసే కూలీకి లెక్కల పుస్తకం ప్రాణప్రదమైనది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం క్రింద జరిగిన పనులలో రెండు పుస్తకాలు ఉండేవి. మస్టరు కూలీల హాజరును తెలిపేది. కొలతల పుస్తకం త్రవ్విన మట్టి పరిమాణాన్ని తెలిపేది. ఏ పద్దు తప్పినా నష్టపోయేది కూలీయే. పని జరిగిన నాడే వ్రాయక, వారాంతాన జ్ఞాపకం మీద ఆధారపడి వ్రాస్తే తగవు తప్పదు.

గుడివాడలోనో మచిలీపట్నంలోనో ఇంటివద్దనే ఉండి, దూరదేశపు సంస్థకు గంటల చొప్పున ప్రోగ్రాములు వ్రాసేవారి సమస్య కూడా ఇటువంటిదే. వారి శ్రమ కంటికి కనబడదు. దానికి ఆధారమేమిటి?

ఇందుకు 'గిట్' అనే సాధనం కొంత తోడ్పడుతుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లోనే లినక్స్ అభివృద్ధి కొరకు దీనిని రూపొందించాడు. మార్పును భద్రపరచిన ప్రతిసారి ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో ఇందులో నమోదవుతుంది. ఆ నమోదుకు 'కమిట్' అని పేరు. అనగా మస్టరు, కొలతల పుస్తకం ఇక్కడ ఒక్కటైనాయి. ప్రతి కమిట్ తనకు ముందున్న దాని గుర్తును తనలో నిలుపుకొంటుంది. కనుక నడుమ ఒకదానిని దిద్దితే తరువాతి గుర్తులన్నీ మారిపోతాయి. పాత ప్రతి ఉన్నవారికి ఆ దిద్దుబాటు తెలిసిపోతుంది.

పనికి కూర్చున్నప్పుడు, ఏ మార్పూ లేకుండానే 'పని ప్రారంభం' అని ఖాళీ కమిట్ వ్రాయవచ్చు. లేచేటప్పుడు 'విరామం' అని వ్రాయవచ్చు. తరువాత ఆదేశాల తెరపై 'గిట్ లాగ్' అని టైపు చేస్తే వేళలన్నీ వరుసగా కనబడతాయి. ఒకరు ఉదయం 9:10కి ప్రారంభించి 12:30కి ఆపి, తిరిగి 2:00 నుండి 4:15 వరకు పనిచేశారనుకొందాము. మొదటిది 3 గంటల 20 నిమిషాలు, రెండవది 2 గంటల 15 నిమిషాలు. మొత్తము 5 గంటల 35 నిమిషాలు. విరామాన్ని గుర్తించకుంటే ఇదే 7 గంటల 5 నిమిషాలుగా తేలుతుంది. చేయని గంటన్నర పని లెక్కలో చేరుతుంది.

అయితే కంప్యూటరు గడియారాన్ని ఎవరైనా మార్చవచ్చు. చిక్కును విప్పుటకై మౌనంగా ఆలోచించిన గంట మార్పుల పట్టికలో కనబడదు. గిట్ మనం వ్రాసినదానిని భద్రపరుస్తుంది. సత్యం వ్రాయవలసిన బాధ్యత మనదే.

కఠిన పదాలు
పద్దు = లెక్కలో వ్రాసిన అంశం
పూడిక = కాలువలో పేరుకొన్న మట్టి
తగవు = వివాదం

ప్రశ్నలు
1. మస్టరుకు, కొలతల పుస్తకానికి గల భేదమేమి?
2. విరామాన్ని నమోదు చేయకుంటే కలిగే దోషాన్ని ఉదాహరణతో వివరించండి.
3. 'సత్యం వ్రాయవలసిన బాధ్యత మనదే' అని రచయిత ఏల అన్నాడు?