కుమారపర్వతం ఎక్కబోతున్న మేనల్లుడికి

పుత్తూరు, దక్షిణ కన్నడ జిల్లా

చిరంజీవి బుజ్జికి,

అక్టోబరు ఆఖరి శనివారం మీ ఆఫీసు వాళ్లని వెంటబెట్టుకుని, నీతో కలిపి పద్నాలుగు మంది కుమారపర్వతం ఎక్కి అదే రోజు దిగాలనుకుంటున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. టికెట్లు తీసిందీ నువ్వే, బస్సు మాట్లాడిందీ నువ్వేనట. అలాంటప్పుడు వాళ్లందరినీ కిందికి తీసుకొచ్చే పూచీ కూడా నీదేరా. ఈ సంగతులు ఫోన్లో చెప్తే సగం చెవికెక్కవు, అందుకని కూర్చుని రాస్తున్నాను. నింపాదిగా చదువు.

మన ఇళ్లలో కుక్కె సుబ్రహ్మణ్య అంటే సర్పసంస్కారం, ఆశ్లేష బలి. దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, బస్సెక్కి వెళ్లిపోతారు. గుడి వెనకాల మబ్బులో మునిగి ఉండే కొండ వైపు తలెత్తి చూసేవాళ్లు తక్కువ. దాని ఎత్తు 1712 మీటర్లు. కుక్కె ఊరేమో సముద్రమట్టానికి 120 మీటర్ల దగ్గర ఉంది. అంటే ఒక్క పగటిలో 1500 మీటర్ల పైచిలుకు ఎక్కి, మళ్లీ అదంతా దిగాలి. అలిపిరి నుంచి తిరుమలకి 3550 మెట్లు ఎక్కావు కదా, ఆ ఎత్తుకి ఇది రెట్టింపు. పైగా ఇక్కడ మెట్లు లేవు, నెత్తిన కప్పు లేదు, దారిలో సోడా కొట్లు లేవు. దూరం ఒకవైపే సుమారు 13 కిలోమీటర్లు. గిరిగద్దెలోని భట్టర మనె అనే ఇంటి దాకా మొదటి ఐదు కిలోమీటర్లు దట్టమైన అడవి. అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది. ఆ తర్వాత చెట్టన్నది లేని గడ్డి కొండలు, కల్లుమంటపం అనే రాతి మంటపం, శేషపర్వతం. అక్కణ్నుంచి మళ్లీ కిందికి దిగి, ఒక చీకటి షోలా అడవి దాటి, తడి బండలు ఎక్కితే అప్పుడు కుమారపర్వతం.

సోమవారపేట వైపు బీదహళ్లి నుంచి ఇంకో దారి ఉంది. దూరం దాదాపు సగమే. కానీ దారంతా తడి అడవి, శిఖరం కింద నీళ్లు జారే నిటారు బండలు. బండ మీద చెయ్యీ కాలూ కుదిరే మనుషులైతే అది మేలు. మీ జట్టులో ఎవరెలాంటి వాళ్లో తెలియకుండా ఏ దారి మంచిదో నేను చెప్పలేను. టికెట్టు కుక్కె దారికే తీశావు కాబట్టి దాని గురించే రాస్తాను.

వానాకాలంలో ఈ దారి మూసేస్తారు. తెరిచాక కూడా అక్టోబరులో అడవి ఆరదు. 2024 జనవరిలో గణతంత్ర దినం సెలవులకి జనం చీమల్లా ఎగబడ్డాక అటవీశాఖ కొన్నాళ్లు ఆపి, ఆన్‌లైన్ టికెట్టు పద్ధతి పెట్టింది. అది మంచి పని. పడమటి కనుమలు 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు ఈ కొండ ఉన్న పుష్పగిరి అభయారణ్యం కూడా అందులో ఉంది. అక్కడ ఒక్క చాక్లెట్టు కాగితం పడినా నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. మీవాళ్లకి ఆ మాట గట్టిగా చెప్పు.

ఇప్పుడు అసలు విషయం. జట్టు వేగం అంటే ముందు నడిచేవాడి వేగం కాదు, చివర నడిచే మనిషి వేగం. ఈ దారిలో గుంపులు ఎలా నడుస్తాయో ఏళ్ల తరబడి చూస్తున్నాను. కాళ్లలో సత్తువ ఉన్న నలుగురు గబగబా ముందుకెళ్లి ఒక మలుపులో కూర్చుంటారు. నీళ్లు తాగుతారు, ఫోటోలు దిగుతారు. వెనకవాళ్లు రొప్పుకుంటూ వచ్చి చేరగానే "హమ్మయ్య వచ్చేశారు, పదండి" అని లేస్తారు. విశ్రాంతి ఎవరికి దక్కిందో చూడు. అవసరం లేనివాళ్లకి పది నిమిషాలు, అవసరమైన మనిషికి గుక్కెడు నీళ్లు తాగే వ్యవధి కూడా లేదు. ఇలా నాలుగు మలుపులయ్యేసరికి ఆ మనిషి నడుస్తున్నది కాళ్లతో కాదు, పరువుతో. పడేది అప్పుడే, చీలమండ మెలిపడేది అప్పుడే.

అందుకని నెమ్మదిగా నడిచే మనిషిని నీ వెనకే, వరసలో రెండో స్థానంలో పెట్టు. అందరికంటే గట్టి మనిషిని, ఓపికున్న మనిషిని, ఆఖరున పెట్టు. మందుల సంచీ, ఒక టార్చి అతని దగ్గరే ఉండాలి. అతను దాటాక దారిలో మనవాళ్లు ఎవరూ మిగలకూడదు. దారి చీలిన ప్రతిచోటా ఆగి పద్నాలుగూ లెక్కపెట్టు. ఆగినప్పుడు చివరి మనిషి కూర్చున్న దగ్గర్నుంచి నిమిషాలు లెక్కవెయ్యి.

మీ మేనేజరు కూడా వస్తున్నాడట. అతను ఎంత మంచివాడైనా, కొత్తగా చేరిన కుర్రాడు అతని ముందు మోకాలు నొప్పి అని నోరు విప్పడు. "ఓకేనా?" అని అడిగితే పద్నాలుగు మందీ ఓకే అనే అంటారు. అలా అడగొద్దు. పక్కన నడుస్తూ ఏదో కబురు ఎత్తు. ఇందాకటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఒక్క ముక్కలో జవాబిస్తుంటే, చదునైన చోట కూడా తడబడుతుంటే, తినడానికి ఇస్తే వద్దంటుంటే, ఆ మనిషి అలిసిపోయినట్టే. అక్కడే కూర్చోబెట్టు, ఉప్పూ తీపీ ఉన్నది ఏదైనా తినిపించు.

ఇంకోటి, ఇది అత్తని కాబట్టి నేనే చెప్పాలి. ఆడపిల్లలు కొండ మీద నీళ్లు తాగరురా. దాహం లేక కాదు, చాటు దొరకదని. మా బ్యాంకు వాళ్లతో వెళ్లినప్పుడు ఒకావిడ పొద్దున్నించీ అర లీటరు కూడా తాగకుండా కల్లుమంటపం దాకా వచ్చి, కళ్లు తిరిగి గడ్డిలో కూలబడిపోయింది. ఎందుకు తాగలేదమ్మా అంటే తల దించుకుంది. ఈ అడవిలో గాలి నిండా తేమే. పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, చెమటతో నీళ్లూ ఉప్పూ మాత్రం పోతూనే ఉంటాయి. కాబట్టి గంటకోసారి మగవాళ్లంతా ముందుకి నడిచి మలుపు అవతల ఆగుతారు అని బయల్దేరకముందే అందరి ముందూ మామూలుగా చెప్పేయి. ఎవరూ అడగాల్సిన పని లేకుండా ఉండాలి. నెలసరి వాళ్లకి కావలసినవి, వాడినవి వెనక్కి తెచ్చుకోవడానికి జిప్పు సంచులు, మందుల సంచీలోనే పెట్టి, ఉన్నాయని చెప్పు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్పనిసరి.

జలగల గురించి భయపడుతున్నారని విన్నాను. భయం అక్కర్లేదు, తెలిసి ఉంటే చాలు. ఇక్కడివాళ్లు ఇంబళ అంటారు. ఒకసారి నువ్వే వంగి చూడు. తడి ఆకు కొసన దారప్పోగంత జలగ తోక మీద నిలబడి, ఒళ్లంతా సాచి అటూ ఇటూ తడుముకుంటూ ఉంటుంది. మన అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి దానికి తెలుస్తాయి. ఆగితే జానెడు జానెడు కొలుచుకుంటూ మన వైపే వస్తుంది. కరిచినట్టు కూడా తెలియదు. దాని ఉమ్మిలో ఉండే హిరుడిన్ లాంటి పదార్థం నెత్తుటిని గడ్డకట్టనివ్వదు, అందుకే అది రాలిపోయాక కూడా చాలాసేపు కారుతూనే ఉంటుంది. విషం ఏమీ లేదు. పట్టి లాగొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. అలా చేస్తే అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. సన్నగా ఉన్న కొస దగ్గర చర్మానికి ఆనించి గోరు జరిపితే పట్టు వదిలేస్తుంది. ఆపైన శుభ్రంగా కడిగి గుడ్డతో అదిమి పట్టుకోవడమే. మోకాళ్ల దాకా వచ్చే జలగల మేజోళ్లు వేసుకుని, ప్యాంటు వాటిలోకి దోపుకోండి. ఎవరైనా బాగా అలిసిపోతే తప్ప అడవి భాగంలో ఎక్కడా కూర్చోవద్దు. విశ్రాంతి భట్టర మనె దగ్గర.

పాముల మాట. పచ్చటి మలబారు పిట్ వైపర్ తడి రోజుల్లో దారి పక్క కొమ్మ మీద కదలకుండా పడి ఉంటుంది. జారినప్పుడు చేతికందిన కొమ్మ పట్టుకోవడం మనిషి స్వభావం. ఇక్కడ చూడకుండా పట్టుకోవద్దు. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకి తయారుచేసింది. ఈ కొండల్లోని పిట్ వైపర్లకి అది కాదు. కాటు పడితే కొయ్యడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ వద్దు. కాటు పడిన చేతికో కాలికో బద్ద కట్టి, కదలనివ్వకుండా మోసుకుని దించడమే. ఏనుగుల తాజా లద్ది కనపడినా, వెదుళ్లు విరిగే చప్పుడు వినపడినా, మాట్లాడకుండా వచ్చిన దారినే వెనక్కి జరగండి.

వాటికన్నా నేను భయపడేది దిగేటప్పుడు జారే కాలికి. బెరడు ఊడి నున్నబడిన వేరు తడిస్తే మెరుస్తుంది. మెరిసేదాని మీద పాదం వెయ్యొద్దు, దాన్ని దాటి మట్టిలో వెయ్యి. నల్లగా నాచు పట్టిన రాయీ అంతే. దిగేటప్పుడు చిన్న అడుగులు, మోకాలు కొంచెం వంచి, నిటారు చోట పక్కకి తిరిగి. ముందురోజు రాత్రి అందరినీ కాలి గోళ్లు తీసుకోమను. లేకపోతే దిగేటప్పుడు బూటు కొసకి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. జీన్సు, నూలు బట్టలు వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, గడ్డి కొండ మీద గాలికి వణుకు పుట్టిస్తాయి.

పైన వాన పడిన సంగతి కింద ఉన్నవాళ్లకి తెలియదు. తేటగా పారుతున్న వాగు రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, దాటకుండా ఆగండి. మోకాలు దాటిన ప్రవాహంలో దిగొద్దు. ఈ కొండ వాగులు ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగానూ తగ్గుతాయి, కూర్చుని చూడటమే. అక్టోబరులో మధ్యాహ్నం ఉరుములు మొదలవుతాయి. శేషపర్వతం దగ్గర బోడి అంచు మీద మనిషే ఎత్తైన వస్తువు. ఉరుము వినపడితే ఎక్కడం ఆపి కిందికి దిగాలి.

ఇక వేళ. పొద్దున్న 6 గంటలకి నడక మొదలుపెడితే, మధ్యాహ్నం 12కి ఎక్కడ ఉంటే అక్కణ్నుంచి వెనక్కి. శిఖరం కళ్లెదురుగా, అరగంట దూరంలో ఉన్నా సరే. ఎక్కడానికి పట్టినంతసేపూ దిగడానికీ పడుతుంది. సూర్యుడు ఆరు దాటాక అస్తమించినా, చెట్ల కింద ఐదున్నరకే కళ్లు కనపడవు. ఈ నియమాన్ని కొండ మీద చెప్తే వాదన అవుతుంది. ముందురోజు రాత్రి, మేనేజరు ఎదుట, అందరి చేతా సరే అనిపించు. పద్నాలుగు మందిలో సగం మంది కల్లుమంటపం నుంచే వెనక్కి వచ్చినా అది మంచి నడకే. అక్కణ్నుంచి కనపడే కొండల వరస చాలు ఆ రోజుకి. జట్టు విడిపోవాల్సివస్తే ఏ ముక్కలోనూ నలుగురికి తగ్గకూడదు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉంటారు, ఇద్దరు సాయానికి వెళ్తారు. అందుకే నలుగురు.

శుక్రవారం రాత్రి బస్సెక్కి, తెల్లారి దిగి, అదే ఊపులో ఎక్కేద్దామనుకుంటున్నారేమో, అది మాత్రం మానుకోండి. ఘాట్ రోడ్డు మీద నిద్ర ఎవరికీ పట్టదు. నిద్రలేని కాళ్లు మధ్యాహ్నం తర్వాత మాట వినవు. గురువారం రాత్రి బయల్దేరి, శుక్రవారం కుక్కెలో పడుకోండి. సెలవు దొరకనివాళ్లు రాకపోయినా ఫరవాలేదు. తినడానికి పులిహోర కట్టించుకోండి, సాయంత్రం దాకా పాడవదు. దద్దోజనం ఈ ఉక్కకి పులుస్తుంది. ఖర్జూరాలు, పల్లీ చిక్కీ జేబులో ఉండాలి. సంచీలో ఉన్నది వానలో ఎవరూ తియ్యరు. మనిషికో తలకి కట్టుకునే టార్చి. ఫోను వెలుతురుని నమ్ముకోవద్దు, తడి వేళ్లకి తెర పలకదు, చాలాచోట్ల సిగ్నలూ ఉండదు.

పద్నాలుగు మంది పేర్లు, వాళ్ల ఇంటి నంబర్లు, ఎవరికి ఉబ్బసం, ఎవరికి షుగరు, ఏ మందు పడదు, ఇవన్నీ రాసి ఒక కాగితం బస్సు డ్రైవరుకి ఇవ్వు, ఒకటి నాకు పంపు. పుత్తూరు నుంచి కుక్కె ఎంతో దూరం లేదు. మీ మావయ్య ఆ రోజు జీపు సిద్ధంగా పెట్టుకుంటానన్నారు. సాయంత్రం 7 దాకా నీ ఫోను కోసం చూస్తాను, ఆ తర్వాత అటవీశాఖ వాళ్లకి ఫోను చేస్తాను.

మీలో ఎవరు నెమ్మదిగా నడుస్తారో కూడా ఆ కాగితంలో రాయి. తెలియకపోతే ఈ ఆదివారం అందరినీ నంది కొండకి తీసుకెళ్లి, రోడ్డున కాకుండా మెట్ల దారిన ఎక్కించు. నువ్వు మాత్రం అందరికంటే వెనక నడువు.

ఇట్లు,
మీ అత్త