నిడేరియా: నంద్యాల రాయి, లక్షదీవుల పగడం

నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో సున్నపురాయికి కొదవ లేదు. అయితే అది పగడాలు కట్టినది కాదు. ఇక్కడి ఊరి పేరే పెట్టుకున్న కోయిలకుంట్ల సున్నపురాయి కేంబ్రియన్ యుగానికి ముందుది. భిత్తికలు కట్టే పగడాలు ఆ తర్వాతే పుట్టాయి.

పగడాలు చేరే నిడేరియా వర్గం గురించి గుర్తుంచుకోండి:
- వర్గం: నిడేరియా, పాత పేరు సీలెంటరేటా. 10,000కు పైగా జాతులు.
- లక్షణాలు: ద్విస్తరిత దేహం, దంశకణాలు.
- రూపాలు: అతుక్కుని ఉండేది పాలిప్, తేలియాడేది మెడ్యూసా.
- హైడ్రా: మంచినీటి జీవి, కోరకీభవనంతో పిల్లలను పుట్టిస్తుంది.
- జెల్లీఫిష్: మెదడు, గుండె ఉండవు.
- పగడాలు: కాల్షియం కార్బొనేట్ అస్థిపంజరం. నీరు వేడెక్కితే సహజీవనం చేసే శైవలాలు వీడిపోతాయి, పగడం తెల్లబారుతుంది. ఇదే కోరల్ బ్లీచింగ్.
- భారత్‌లో ప్రధాన భిత్తికలు: మన్నార్, కచ్ సింధుశాఖలు, లక్షదీవులు, అండమాన్ నికోబార్.

జాగ్రత్త: పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్ నిజమైన జెల్లీఫిష్ కాదు, అది హైడ్రోజోవా తరగతికి చెందిన సహనివేశం.