కళాశాల ఆవరణలో పొగాకు – మన బాధ్యత

పొగ తాగే యువకుణ్ణి వారించబోతే మన ఇళ్ళల్లో తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: "అది హరామ్ కాదు, మక్రూహే కదా!" ఈ మాట ఎక్కడి నుండి వచ్చిందో ముందుగా తెలుసుకుందాం.

దైవప్రవక్త (స) కాలంలో అరేబియాలో పొగాకు లేదు. అది అమెరికా ఖండం నుండి 16వ శతాబ్దంలో బయటి ప్రపంచానికి వచ్చింది. అక్బర్ దర్బారుకు అది చేరింది మన దక్కన్‌లోని బీజాపూర్ నుండే. జహంగీర్ 1617లో, ఉస్మానియా సుల్తాన్ నాలుగవ మురాద్ 1633లో దాన్ని నిషేధించారు. ధర్మవేత్తలు మాత్రం ఒక్క మాట మీదికి రాలేదు. డమాస్కస్‌కు చెందిన అబ్దుల్ గనీ నాబులుసీ (మరణం 1731) అది ధర్మసమ్మతమేనంటూ ఏకంగా ఒక గ్రంథమే రాశారు. ఆ కాలపు పండితులకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ పొగాకుకూ గల సంబంధం తెలియదు. అది 1950 నాటి పరిశోధనలతోనే స్పష్టపడింది. హాని నిరూపణ అయ్యాక ఈజిప్టు, సౌదీ అరేబియా ఉలమాలు హరామ్ అని తీర్పు చెప్పారు. మన ఉపఖండపు హనఫీ ఉలమాలలో చాలామంది మక్రూహ్ అన్నారు. మక్రూహ్ అంటే 'ఫర్వాలేదు' అని అర్థం కాదు, అల్లాహ్‌కు ఇష్టం లేనిదని అర్థం! తమ చేతులతో తమను వినాశంలో పడవేసుకోవద్దని దివ్యఖుర్‌ఆన్ (అల్ బఖర: 195) హెచ్చరిస్తోంది. యవ్వనాన్ని దేనికి వెచ్చించావు, ధనాన్ని ఎందులో ఖర్చు చేశావు అని ప్రళయదినాన దాసుణ్ణి ప్రశ్నించడం జరుగుతుందని తిర్మిజీ హదీసు ద్వారా తెలుస్తోంది. డిగ్రీ చదివే కుర్రవాడి జేబులో ఉన్నది చాలాసార్లు తండ్రి చెమట.

కళాశాల సంగతి ఇంకా తీవ్రమైనది. అక్కడి గాలి అందరిదీ. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారిని ఆ వాసనతో మసీదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు. మనుషులకు బాధ కలిగించేది దైవదూతలకూ బాధ కలిగిస్తుందని కారణం కూడా చెప్పారు. తరగతి గది మసీదు కాదు, నిజమే. కాని ఉల్లి వాసన ఎవరి ప్రాణమూ తీయదు. పొగాకు వల్ల ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా మరణిస్తుంటే, వారిలో 10 లక్షలకు పైగా తాము తాగనివారే, పక్కవారి పొగ పీల్చినవారే.

చట్టం మన పక్షానే ఉంది. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపు సిగరెట్, బీడీ, గుట్కా ఏదీ అమ్మరాదు. 18 ఏళ్ళలోపు వారికి ఎక్కడా అమ్మరాదు. 2008 అక్టోబరు 2 నుండి అమలులో ఉన్న నిబంధనలు కళాశాలలో పొగ తాగినవారికి 200 రూపాయల వరకు జరిమానా విధించే అధికారాన్ని ప్రిన్సిపాల్‌కే ఇచ్చాయి. అయితే ఆ నిషేధం పొగకే పరిమితం. మన దేశంలో 2016-17 సర్వే ప్రకారం పొగ తాగే పెద్దలు 10.7 శాతం, నమిలే రకాలు వాడేవారు 21.4 శాతం. కాబట్టి 'పొగ తాగరాదు' అన్న బోర్డు ఒక్కటే చాలదు. ఖైనీ, గుట్కాలను కూడా కలుపుకొని కళాశాల తన సొంత నియమం చేసుకోవాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో ఇచ్చిన పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి: గేటు దగ్గర బోర్డు, 100 గజాల హద్దుకు గీత, పర్యవేక్షణకు ఒక బాధ్యుడు, ఆవరణలో పీకలు గాని ఉమ్మిన మరకలు గాని కనిపించకపోవడం.

చెడును చేతితో, వీలుకాకపోతే నోటితో, అదీ కాకపోతే మనసులోనైనా అసహ్యించుకోవాలన్న హదీసు మనందరికీ తెలిసిందే. కళాశాలలో 'చేయి' ప్రిన్సిపాల్‌ది. విద్యార్థిది నోరు, కలం. పాన్ డబ్బా మీదికి గుంపుగా వెళ్ళడం, తాగేవాణ్ణి నలుగురిలో అవమానించడం మన పద్ధతి కాదు. సెక్షన్ల సంఖ్యలతో (4, 6) ఒక వినతిపత్రం రాయండి. హిందూ, క్రైస్తవ మిత్రుల సంతకాలు కూడా తీసుకోండి, ఇది ఒక్క మతం వారి ఊపిరి సమస్య కాదు. తల్లిదండ్రులు ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు ఒక మాట అడిగితే దానికుండే బరువు వేరు. అధ్యాపకులే స్టాఫ్ రూములో తాగుతుంటే సున్నితంగానే, కాని వారి పేరు కూడా నియమంలో ఉండేలా అడగాలి.

నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టి పిల్లల్ని చదివించుకునే తల్లులు మన పాఠకుల్లోనే ఉన్నారు. వారికి ఈ మాటలు గుచ్చుకోవచ్చు. తునికాకు దుమ్ములో దగ్గుతూ కూర్చున్న ఆ తల్లి, తన కొడుకు అదే బీడీ తాగాలని కోరుకోదు. ఆమెకు మరో ఉపాధి చూపడం ఊరి పెద్దల మీద, బైతుల్‌మాల్ నిర్వాహకుల మీద ఉన్న పని. దాన్ని ఆమె మీదికే నెట్టి మనం ఫత్వాలు చదవడం న్యాయం కాదు.

ఇక అలవాటు పడిన సోదరుడికి ఒక్క విషయం. రమజానులో నువ్వు సహరీ నుండి ఇఫ్తార్ వరకు ముట్టడం లేదు. పదమూడు, పద్నాలుగు గంటలు ఆపగలిగినవాడు 'నా వల్ల కాదు' అనడానికి వీల్లేదు. ఇఫ్తార్ తరువాతి మొదటి గంట దాటించు. సాయం కావాలంటే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 ఉంది. 2018 నుండి పొగాకు ప్యాకెట్ల మీద కూడా దాన్ని ముద్రిస్తున్నారు.