బంగినపల్లి మామిడిలోని మాంజిఫెరిన్ – క్యాన్సర్ కణ మరణంపై శాస్త్రీయ అవగాహన

నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరుతో ప్రసిద్ధి చెందిన మామిడి రకానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. పలుచని తొక్క, పీచులేని కండ, నిల్వ గుణం ఈ రకం ప్రత్యేకతలు. మామిడి ఆకుల కషాయం, తొక్కల పొడి క్యాన్సర్‌ను నయం చేస్తాయన్న ప్రచారం తరచుగా వినబడుతున్నది. ఈ ప్రచారంలో శాస్త్రం ఎంతవరకు ఉన్నదో విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తెలుసుకొనుట అవసరం.

కణ మరణం – స్వభావం

దెబ్బతిన్న లేదా అవసరం తీరిన కణం క్రమపద్ధతిలో తనను తాను నిర్మూలించుకొనుటను అపోప్టోసిస్ అంటారు. కెర్, వైలీ, కర్రీ అను శాస్త్రవేత్తలు 1972లో ఈ పేరు పెట్టినారు. ఇందులో కణం కుంచించుకొని చిన్న ముక్కలుగా విడిపోగా, ఇతర కణాలు వాటిని మింగివేస్తాయి. అందువలన చుట్టూ ఉన్న కణజాలంలో వాపు ఏర్పడదు. పి53 జన్యువు దెబ్బతినుట, బీసీఎల్-2 ప్రోటీను అధికమగుట వంటి కారణాల వలన క్యాన్సర్ కణాలు ఈ మరణాన్ని తప్పించుకుంటాయి.

మామిడిలోని రసాయనాలు

మాంజిఫెరిన్ జాంథోన్ వర్గానికి చెందిన పదార్థం. ఇది ఆకులు, బెరడు, తొక్కలలో ఎక్కువగానూ, కండలో తక్కువగానూ ఉంటుంది. రకాన్ని, ఆకు వయస్సును బట్టి దీని పరిమాణం మారుతుంది. పరిశోధనశాలలో పెంచిన క్యాన్సర్ కణాలపై మాంజిఫెరిన్ ప్రయోగించినప్పుడు మైటోకాండ్రియా నుండి సైటోక్రోమ్-సి విడుదలై, కాస్పేజ్ ఎంజైములు చైతన్యవంతమై, కణాలు మరణించినట్లు అధ్యయనాలు తెలుపుతున్నాయి. మామిడిలోని లుపియోల్ అను ట్రైటెర్పీన్ కూడ ఇటువంటి ప్రభావం చూపినది.

పరిశోధనశాల నుండి రోగి వరకు

మాంజిఫెరిన్ నీటిలో స్వల్పంగా మాత్రమే కరుగుతుంది; నోటి ద్వారా తీసుకొన్నప్పుడు రక్తంలోకి చేరేది అత్యల్పం. ప్రయోగాలలో వాడిన గాఢత పండు తినుట వలన గాని, కషాయం త్రాగుట వలన గాని శరీరంలో ఏర్పడదు. మాంజిఫెరిన్ క్యాన్సర్ మందుగా ఆమోదం పొందలేదు.

బిళ్ళగన్నేరు చరిత్ర ఈ అంతరాన్ని స్పష్టం చేస్తుంది. కెనడాలో నోబుల్, బీర్ ఈ మొక్కను మధుమేహానికి పరీక్షించినప్పుడు, నోటి ద్వారా ఇచ్చిన సారం చక్కెరను తగ్గించలేదు. సూది ద్వారా ఇచ్చినప్పుడు మాత్రం ఎలుకలలో తెల్ల రక్తకణాలు తగ్గినవి. ఆ పరిశీలన నుండి 1958లో విన్‌బ్లాస్టిన్ వెలుగులోకి వచ్చినది. అదే మొక్క నుండి లభించిన విన్‌క్రిస్టిన్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడబడుతున్నది. ఇవి ట్యూబులిన్‌కు అంటుకొని కణ విభజనను నిలిపివేయగా, కణం మరణిస్తుంది. శుద్ధిచేసి, మోతాదు నిర్ణయించి, సూది ద్వారా ఇచ్చినప్పుడే ఇది మందు. ఆ ఆకులనే నేరుగా తినుట విషప్రాయం.

విస్తరణ సూచనలు

• మామిడిని పోషకాహారంగా ప్రోత్సహించవచ్చును. క్యాన్సర్ మందుగా చెప్పరాదు.
• తొక్కపై పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చును. తొక్క, సొనలోని పదార్థాలు కొందరికి దద్దుర్లు కలిగిస్తాయి. కావున తొక్కల పొడి వాడకాన్ని సిఫారసు చేయరాదు.
• గుజ్జు పరిశ్రమలలో మిగిలే తొక్కల నుండి మాంజిఫెరిన్ వేరుచేయుట పరిశోధనకు అనువైన అంశం.
• కషాయాలను నమ్మి చికిత్స ఆపవద్దని, వాడదలచిన ప్రతి మూలికను గురించి వైద్యునికి ముందుగా తెలుపవలెనని రోగి కుటుంబానికి చెప్పవలెను.

క్యాన్సర్ చికిత్సలో ఆలస్యం ప్రాణాంతకం. గాజుపాత్రలో కణం మరణించుట పరిశోధనకు తొలి మెట్టు మాత్రమేనని రైతుకు అర్థమయ్యేలా చెప్పుట విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.