జవాబు విన్నాక రైతు ఏం చేశాడు?

వ్యవసాయ విస్తరణ పనిలోనే జీవితమంతా గడిపినవాణ్ణి. ఏఐ యాప్‌లు రైతుకు ఎంతవరకు పనికొస్తున్నాయో చూడడానికి అనంతపురం పల్లెలకు వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెంటబెట్టుకుపోతారు. దారిలో వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. "యాప్ బాగుందా?" అని అడగొద్దు. ఇంటికొచ్చిన పిల్లల్ని నొప్పించడం ఇష్టంలేక మా వైపు రైతు "బాగుంది నాయనా" అనే అంటాడు. ఇలాంటి అభిప్రాయాన్ని కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది ప్రశ్నల కొలమానాన్ని ప్రపంచమంతా వాడుతోంది. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయించుకోవాలి. మా ఊళ్లలో ఆ అంకెలు యాప్‌కు కాదు, మర్యాదకు పడతాయి. కాబట్టి జవాబు విన్నాక ఏం చేశాడో అడగండి. విత్తడం ఆపాడా? మందు కొన్నాడా? పక్క చేనాయన దగ్గరికి పోయి అదే సంగతి మళ్లీ అడిగాడా? అడిగివుంటే, ఎందుకు అడగాల్సి వచ్చిందో ఓపిగ్గా కనుక్కోండి. మీకు కావలసింది అక్కడే దొరుకుతుంది.

2. రైతు ప్రశ్న పొడుగ్గా ఉంటుంది. "ఆరుద్ర కార్తెలో పదునైంది, కె-సిక్స్ శెనక్కాయ వేసినాము, పక్క చేన్లో బాగుంది, మా దాంట్లో చూస్తే..." అని ఒక్క క్షణం ఆగుతాడు. మైకు అక్కడే మూసుకుపోతుంది. అసలు సంగతి ఆ తర్వాత రావాలి. సగం ప్రశ్నకు ఎంత చక్కటి తెలుగులో జవాబిచ్చినా ఏం లాభం? ఆ ఆగడాన్ని యాప్ ఎంతసేపు ఓర్చుకుంటుందో మొదట చూడండి.

3. యాప్ తెగులు పేరు చెప్పే తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలు చూస్తుండగానే మాడిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. లక్షణాలు పాత మొవ్వకుళ్లును పోలి ఉండడంతో మొదట అదేననుకున్నారు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తల పరీక్షల్లో అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది. గట్ల మీద పూసిన వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామరపురుగుల ద్వారా పైరుకు అంటుతుంది. సోకిన మొక్కను బతికించే మందు లేదు. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి, చేను చుట్టూ నాలుగు వరుసల జొన్నో సజ్జో వేసుకోవాలి.

ఇప్పుడు అలాంటి మొక్క ఫోటో యాప్‌కు చూపించండి. ఎక్కువగా చదివిన పేరునే అది చెప్పే ప్రమాదం ఉంది. తప్పు పేరు చెప్పడం కన్నా, అనుమానమే లేనట్టు చెప్పడం నన్ను భయపెడుతుంది. ఆ ధీమా వినే రైతు అప్పు చేసి మందు డబ్బా కొంటాడు. "రెండింట్లో ఏదైనా కావచ్చు, గట్టు మీద వయ్యారిభామ ఉందా?" అని తిరిగి అడిగే యాప్, మొక్కను రేకులకుంట పరిశోధన కేంద్రంలోనో కదిరిలోనో చూపించమనే యాప్ వస్తే దానికి పూర్తి మార్కులు వేస్తాను.

4. 2016లో మైక్రోసాఫ్ట్, ఇక్రిశాట్ కలిసి పొరుగున ఉన్న కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగు ఎస్సెమ్మెస్‌లు పంపాయి. వెనకాల మూడు దశాబ్దాల వాతావరణ లెక్కలు, ఏఐ ఉన్నాయి. రైతుకు మామూలు ఫోను చాలు. జూన్ మొదట్లో విత్తే అలవాటున్నవాళ్లను నెలాఖరు దాకా ఆగమన్నారు. హెక్టారు లెక్కన చూస్తే సగటు దిగుబడి 30 శాతం ఎక్కువ వచ్చిందని ప్రకటించారు. ఒక్క ఏడాది పంటతో ఏ సలహాకూ శాశ్వతంగా విలువ కట్టలేం. కానీ తొలివాన పడగానే గొర్రు కట్టాలని ఆరాటపడే మనిషిని రెండు ముక్కల్లో ఆపగలగడం చిన్న సంగతి కాదు. మీరు పరీక్షించే యాప్ ఐదు పేరాలు చెబుతుంటే, రైతు ఏ వాక్యం దగ్గర వినడం మానేశాడో రాసుకోండి.

5. తేదీ, చోటు లేని జవాబును నమ్మొద్దు. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా రెండైంది. కదిరి, ధర్మవరం పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఇంకా పాత జిల్లా లెక్కనే చెప్పే యాప్, విత్తన రాయితీ గురించి ఏ ఏటి సంగతి చెబుతోందో నిలదీయండి.

6. పరీక్ష పెట్టేది కాలేజీ గదిలో కాదు. జూలైలో పదునైన మర్నాడు చేలోకి రండి. అప్పుడు రైతుకు తీరిక ఉండదు, ఎండకు తెర కనబడదు, సిగ్నల్ అందదు. కలుపు తీసే ఆడవాళ్లను తప్పకుండా కలవండి. ఆకు మీద మచ్చను ముందుగా చూసేది వాళ్లే, ఫోను మాత్రం ఇంట్లో కొడుకు జేబులో ఉంటుంది. వాళ్ల ప్రశ్న ఎవరి నోట యాప్‌ను చేరింది, జవాబు తిరిగి వాళ్ల దాకా వచ్చిందా లేదా అనేది యాప్ లెక్కల్లో కనిపించదు. అది మీరే అడిగి రాసుకురావాలి.